పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చింది: బొబ్బిలి యుద్ధం నుంచి బిట్‌కాయిన్ చీలిక దాకా

1757 జనవరి 24. బొబ్బిలి కోట చుట్టూ ఫ్రెంచి ఫిరంగులు దిగాయి. వాటి వెనక విజయనగరం రాజుగారి వేల మంది సైన్యం. లోపల రాజా రంగారావు, ఆయన్ని నమ్ముకున్న మనుషులు. పొద్దు వాలేలోపు కోట పడిపోయింది. మూడో రాత్రి, గెలిచిన రాజు కూడా తన డేరాలోనే హత్యకి గురయ్యాడు. ఇంకో రెండేళ్లు తిరిగేసరికి ఫిరంగులు తెచ్చిన ఫ్రెంచివాళ్లకి కూడా ఈ తీరంలో చోటు లేకుండా పోయింది.

మరి గెలిచింది ఎవరు?

అందరికీ నమస్కారం. ఈ కథ మీలో చాలామందికి తెలుసు. 1964లో ఎన్టీఆర్ గారి 'బొబ్బిలి యుద్ధం', 1986లో కృష్ణంరాజు గారి 'తాండ్ర పాపారాయుడు' టీవీలో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. తాతల కాలంలో అయితే బుర్రకథ. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లలో రాత్రంతా కూర్చుని విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి వీరత్వం గురించి నేను కొత్తగా చెప్పేది ఏం లేదు. ఇవాళ మన పాయింట్ వేరు. పైన పెద్ద దిక్కు లేనప్పుడు, ఒకే వ్యవస్థలో ఉన్నవాళ్ల మధ్య తగాదా వస్తే ఎవరు తీరుస్తారు?

ఇది 1757 నాటి ప్రశ్న. 2017లో బిట్‌కాయిన్ వాళ్లకి కూడా సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ముందే ఒక మాట, ఇది ఏ కాయిన్ కొనాలి, ఏది అమ్మాలి అని చెప్పే వీడియో కాదు. ఇది చరిత్ర.

ఒకే మొదలు, రెండు కోటలు

17వ శతాబ్దంలో మన ప్రాంతం గోల్కొండ సుల్తానుల చేతిలో ఉండేది. వాళ్ల తరఫున శ్రీకాకుళంలో ఫౌజుదారు ఉండేవాడు. అప్పటి రికార్డుల్లో ఊరి పేరు చికాకోల్. షేర్ మహమ్మద్ ఖాన్ అనే ఫౌజుదారు 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. ఎప్పుడైనా చూడండి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. విజయనగరం పూసపాటి వారి పూర్వీకుడు, బొబ్బిలి వంశం మూలపురుషుడు, ఇద్దరూ ఈ షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చినవాళ్లే అని చెప్తారు. షేర్ అంటే పులి. ఆ పులి పేరు మీదే 'బెబ్బులి', అదే వాడుకలో బొబ్బిలి అయ్యిందని స్థానిక కథనం. అంటే తర్వాత ఒకరినొకరు నాశనం చేసుకున్న రెండు ఇళ్లూ మొదలైంది ఒకే చోట, ఒకే సర్కారు కింద.

బిట్‌కాయిన్ తెలిసినవాళ్లకి ఇది వెంటనే తగులుద్ది. బిట్‌కాయిన్, బిట్‌కాయిన్ క్యాష్ రెండిటికీ 2009 జనవరి 3న పుట్టిన మొదటి బ్లాకు ఒకటే. 4,78,558వ బ్లాకు దాకా ఇద్దరి లెక్కల పుస్తకం ఒకటే. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి.

పైన ఉన్నవాడు బలహీనపడితే

గోల్కొండ 1687లో ఔరంగజేబు చేతికి పోయింది. 1707లో ఔరంగజేబు పోయాక ఢిల్లీ పట్టు సడలింది. దక్కన్‌లో నిజాం స్వతంత్రంగా నిలబడ్డాడు. 1748లో ఆ నిజాం కూడా పోయాడు. వారసుల మధ్య కుర్చీ కోసం కొట్లాట మొదలైంది. ఆ కొట్లాటలో సలాబత్ జంగ్‌ని హైదరాబాద్ గద్దె మీద నిలబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. అందుకు ప్రతిఫలంగా, బుస్సీ సైన్యం జీతాల కోసం 1753లో నాలుగు సర్కార్లు రాసిచ్చారు: ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం.

ఇప్పుడు మన జిల్లాల్లో పరిస్థితి ఊహించండి. కాగితం మీద ఢిల్లీ బాద్షా ఉన్నాడు. ఆయన కింద నిజాం. నిజాం కింద ఇప్పుడు ఫ్రెంచివాళ్లు. శ్రీకాకుళంలో పాత నవాబు జాఫర్ అలీ ఖాన్, 'నేను దిగను' అంటున్నాడు. కింద ఊళ్లలో శిస్తు వసూలు చేసేది, కోటలు, మనుషులు, ఆయుధాలు పెట్టుకున్నది మాత్రం రాజులు, జమీందారులు. ఎవరి కోట వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. అందరూ కలిసి ఒప్పుకున్న పెద్ద ఒక్కడు కూడా లేడు.

దీన్ని ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే డీసెంట్రలైజ్డ్ నెట్‌వర్క్. ఇందులో మంచీ ఉంది. ఒక్కడు చెడిపోతే మొత్తం కూలిపోదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇద్దరి మధ్య మాట తేడా వస్తే 'ఇది రైటు, ఇది తప్పు' అని చెప్పే వాడు లేడు. చెప్పినా వినాల్సిన పని ఎవరికీ లేదు.

మొదట జాఫర్ అలీ, విజయనగరం విజయరామరాజు ఇద్దరూ పాత పగ పక్కనపెట్టి, ఫ్రెంచివాళ్లని కలిసి ఎదుర్కొందాం అనుకున్నారు. అదే నిలబడి ఉంటే మన చరిత్ర ఎలా ఉండేదో. కానీ మచిలీపట్నంలో ఫ్రెంచి అధికారి మొరాసిన్ ఒక ఆఫర్ పెట్టాడు. రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల వసూళ్లు అసలు విలువ కన్నా బాగా తక్కువ మొత్తానికి విజయరామరాజుకి గుత్తకి ఇస్తానన్నాడు. రాజుగారు అటు వెళ్లిపోయారు.

ఒంటరి అయిన జాఫర్ అలీ ఏం చేశాడు? నాగపూర్ మరాఠాలని పిలిచాడు. 1754లో వాళ్లొచ్చి ఊళ్లు దోచుకుని వెళ్లిపోయారు. నష్టపోయింది రైతులు.

ఈ వరుస గుర్తుపెట్టుకోండి. లోపలి తగాదా తీర్చుకోవడానికి బయటివాడిని పిలవడం. ఇది మొదటిసారి.

చిన్న తగాదా, పెద్ద పరువు

విజయనగరానికి, బొబ్బిలికి మధ్య దూరం ఎంత? రోడ్డు మీద ఓ అరవై కిలోమీటర్లు. ఇవాళ ఒక ఆర్టీసీ బస్సు ప్రయాణం. పక్కపక్క రాజ్యాలు. గొడవలు ఏమిటంటే సరిహద్దులు, ఏటి నీళ్లు ఎవరు మళ్లించుకున్నారు, ఎవరి మనుషులు ఎవరి పొలాల్లో పడ్డారు. మన ఊళ్లలో ఇప్పటికీ చూసే గొడవలే. వాటి వెనక అసలు విషయం పరువు: నేను పెద్దా, నువ్వు పెద్దా.

బిట్‌కాయిన్‌లో కూడా గొడవ చిన్నదిగానే మొదలైంది. ఒక బ్లాకు సైజు 1 ఎంబీ దాటకూడదు అనే రూలు 2010లో పెట్టారు. వాడేవాళ్లు పెరిగారు, లావాదేవీలు ఇరుక్కుపోయాయి. కొందరు 'సైజు పెంచుదాం, టీకొట్టు దగ్గర కూడా వాడేలా ఉండాలి' అన్నారు. కొందరు 'పెంచితే మామూలు మనిషి తన కంప్యూటర్‌లో నడపలేడు, పెద్ద కంపెనీల చేతికి పోతుంది' అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఫోన్‌లో ఒక ఫొటో అంత కూడా లేని సైజు గురించి ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఎందుకంటే అడుగున ఉన్న ప్రశ్న ఎంబీల గురించి కాదు. ఇది ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్నదే ఆ ప్రశ్న.

డేరాలో కుదిరిన ఒప్పందం

1756లో హైదరాబాద్‌లో బుస్సీకి గడ్డు కాలం వచ్చింది. సలాబత్ జంగ్ దర్బారు ఆయన్ని వదిలించుకోవాలని చూసింది. ఆ వార్త రాగానే సర్కార్లలో చాలామంది శిస్తు ఆపేశారు. విజయరామరాజు మాత్రం ఫ్రెంచివాళ్లతోనే ఉన్నాడు. గండం గట్టెక్కి బుస్సీ సైన్యంతో ఇటు వచ్చినప్పుడు, తన పది వేల మందితో వెళ్లి కలిశాడు. అప్పుడు అడిగాడు: బొబ్బిలి రంగారావుని అక్కడ నుంచి లేపేయండి.

ఈ యుద్ధం గురించి మనకి దొరికే రాతల్లో ముఖ్యమైనది రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడిది. ఆయన రాసిన ప్రకారం బుస్సీ వెంటనే యుద్ధానికి దిగలేదు. బొబ్బిలి వదిలేస్తే వేరే చోట అంతకన్నా పెద్ద, ఎక్కువ ఆదాయం వచ్చే భూములు ఇస్తానని రంగారావుకి కబురు పెట్టాడు. రంగారావు ఒప్పుకోలేదు. తాతల నాటి చోటు వదిలి పొమ్మనడమే అవమానం. ఈలోగా ఫ్రెంచి సిపాయిల దండు ఒకటి బొబ్బిలి అడవి దాటుతుంటే దాని మీద దాడి జరిగింది. ఆ దాడి వెనక విజయరామరాజు హస్తమే ఉందని అప్పట్లో అనుమానం. నిజమేదైనా, బుస్సీకి కారణం దొరికింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, బొబ్బిలి భవిష్యత్తు తేల్చిన చోట బొబ్బిలివాడు లేడు. ఇద్దరు బలవంతులు ఒక డేరాలో కూర్చుని తేల్చేశారు.

2017 మే నెలలో న్యూయార్క్‌లో కూడా ఇలాంటి ఒప్పందమే కుదిరింది. 22 దేశాల నుంచి 58 కంపెనీలు సంతకం పెట్టాయి. బిట్‌కాయిన్ మైనింగ్ బలంలో 80 శాతం పైన మా వెనకే ఉంది అన్నారు. సైజు 2 ఎంబీకి పెంచుతాం, అయిపోయింది అన్నారు. కానీ ప్రధాన సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్లు అందులో లేరు. మామూలు వాడకందార్లు లేరు. వాళ్లు 'మా కంప్యూటర్లలో మేం ఏ రూలు నడపాలో మీరు గదిలో కూర్చుని చెప్తారా' అని ఎదురు తిరిగారు. అదే ఏడాది నవంబర్ 8న ఆ పెంపు ప్రయత్నాన్ని ఒప్పందం పెట్టినవాళ్లే రద్దు చేసుకున్నారు.

ఈలోగా ఆగస్టు 1న, పెద్ద బ్లాకులు కావాలన్న ఒక వర్గం విడిపోయి బిట్‌కాయిన్ క్యాష్ పెట్టుకుంది. తర్వాత ఏడాదికే, 2018 నవంబర్ 15న, ఆ విడిపోయినవాళ్లు మళ్లీ రెండుగా చీలారు. అవసరానికి ఒక్కటైనవాళ్లు శత్రువు పోగానే ఒకరి మీద ఒకరు పడ్డారు.

కాపీ కొట్టలేనిది

రెండు కథల మధ్య పెద్ద తేడా ఇక్కడే ఉంది. జాగ్రత్తగా వినండి.

బిట్‌కాయిన్‌లో చీలిపోయినప్పుడు ఎవరూ చావలేదు. చీలిక రోజు ఒక బిట్‌కాయిన్ ఉన్నవాడికి అటు ఒకటి, ఇటు ఒకటి వచ్చాయి. లెక్కల పుస్తకం కాపీ అవుతుంది కాబట్టి ఎవరి కాపీ వాళ్లు పట్టుకుని పోవచ్చు. భూమి అలా కాదు. బొబ్బిలి కోట రెండు కాపీలు ఉండవు. ఏటి నీళ్లు ఒకడి చేలోకి వెళ్తే రెండోవాడి చేను ఎండుద్ది. అందుకే అక్కడ 'నీ దారి నీది, నా దారి నాది' అనడం కుదరలేదు. కుదరనప్పుడు ఏమైందో చూడండి.

కోట గోడలు ఫిరంగులకి కూలాయి. నిలబడలేమని తేలాక, ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని లోపలివాళ్లే వాళ్లని చంపుకున్నారు. రంగారావు పోరాడుతూ పోయాడు. అంతా అయ్యాక ఒక ముసలాయన రంగారావు కొడుకుని, చిన్న పిల్లాడిని, తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడని ఓర్మ్ రాశాడు. ప్రాణాలతో మిగిలిన కొద్దిమందిలో ఇద్దరు మూడో రాత్రి విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని పొడిచి చంపారు. ఆ పని చేసింది తాండ్ర పాపారాయుడు అని మన కథలు చెప్తాయి.

దీన్ని ప్రతీకారం అని సినిమాలో చప్పట్లు కొడతాం. నాకు మాత్రం ఇందులో కనపడేది వేరే. ఏటి నీళ్ల గొడవ నుంచి ఇక్కడికి రావడానికి మధ్యలో ఎన్నో మెట్లు ఉన్నాయి. ఏ ఒక్క మెట్టు మీదా 'ఆగండ్రా' అని చెప్పి వినిపించుకోగల మూడో మనిషి లేడు. ఉన్న మూడోవాడు బుస్సీ. ఆయనకి కావల్సింది శిస్తు.

క్రిప్టోలో కాపీ అవ్వనిది ఏమీ లేదా అంటే, ఉంది. పేరు. నమ్మకం. మనుషులు. చీలిక తర్వాత 'అసలు బిట్‌కాయిన్ మాదే' అని రెండు వర్గాలూ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాయి. కోడ్ కాపీ చేసుకోవడానికి నిమిషం చాలు. వేరే పెద్ద ఎస్టేటు ఇస్తానన్నా రంగారావు ఎందుకు కదల్లేదో, ఇక్కడ అర్థమవుద్ది. ఆదాయం వేరే చోట దొరుకుద్ది. 'బొబ్బిలి' అనే పేరు వేరే చోట దొరకదు.

మూడో పిలుపు

విజయరామరాజు తర్వాత విజయనగరం గద్దె ఆనందరాజుకి వచ్చింది. బుస్సీ తనకి న్యాయం చెయ్యలేదని ఆయనకి కోపం. 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్ల స్థావరాన్ని పట్టుకున్నాడు. 1758లో పైనుంచి ఆర్డరు వచ్చి బుస్సీ దక్షిణానికి వెళ్లాల్సి వచ్చింది. అదే అదను. ఆనందరాజు విశాఖని ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు: రండి, కలిసి వీళ్లని తరిమేద్దాం.

కలకత్తా నుంచి క్లైవు, కల్నల్ ఫోర్డుని పంపాడు. ఒప్పందం షరతులు చూడండి. సైన్యం ఖర్చుకి రాజుగారు నెలకి 50,000 రూపాయలు ఇవ్వాలి. గెలిచిన లోపలి ప్రాంతాలు రాజుగారివి, సముద్ర తీరం రేవులు కంపెనీవి. అప్పటికి రాజుగారికి లాభంగానే కనిపించి ఉంటుంది, ఊళ్లన్నీ ఆయనవే కదా. కానీ వ్యాపారం, ఓడలు, బయటి డబ్బు అన్నీ నడిచేది రేవుల నుంచే.

1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర, అంటే ఇప్పటి కాకినాడ జిల్లాలో, ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఆ తర్వాత ఒప్పుకున్న డబ్బు దగ్గర రాజుకీ ఫోర్డుకీ పేచీ వచ్చి సైన్యం వారాల తరబడి కదల్లేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేని జట్టు అలాగే ఉంటుంది. చివరికి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడింది. ఫ్రెంచి కథ ముగిసింది.

1754లో మరాఠాలు, 1757లో ఫ్రెంచివాళ్లు, 1758లో ఇంగ్లీషువాళ్లు. నాలుగైదు ఏళ్లలో మూడు పిలుపులు. మొదటి రెండు పిలుపులకి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లారు. మూడోవాళ్లు వెళ్లలేదు. 1765లో ఢిల్లీ బాద్షా నుంచి ఉత్తర సర్కార్ల ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. కాగితం మొత్తం కంపెనీ పేరు మీదకి మారిపోయింది.

ఇక ఆఖరి అంకం. పిలిచిన విజయనగరానికే కంపెనీ బాకీల నోటీసు ఇచ్చింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర, భీమిలి వైపు కొండ మీద గుడి ఉంటుంది చూడండి, ఆ ఊళ్లో, అప్పటి రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం వదిలాడు. ఆ తర్వాత కంపెనీ బొబ్బిలి వంశాన్ని మళ్లీ నిలబెట్టింది. కోట నుంచి బయటపడ్డ ఆ పిల్లాడు అప్పటికి పెద్దవాడు. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి. విజయనగరం, బొబ్బిలి రెండూ మిగిలాయి, కానీ ఇద్దరూ ఒకే ఆఫీసులో శిస్తు కట్టే జమీందారులుగా.

పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చింది అని మనోళ్లు ఊరికే అనలేదు.

మరి ఏం చెయ్యాలి?

'పైన ఒక గట్టి రాజు ఉండాలి' అనేది దీనికి సమాధానమా? నేను అలా అనుకోను. గట్టి సెంటర్ ఉన్న చోట తప్పు చేస్తే అందరికీ ఒకేసారి తగులుద్ది. నా ఉద్దేశంలో సమాధానం ఇంకో చోట ఉంది. తగాదా రాకముందే, తగాదా ఎలా తీర్చుకోవాలో ఒప్పుకుని పెట్టుకోవాలి. బయటివాడి బలం లోపలి ఓటు కాకుండా చూసుకోవాలి.

2020 ఉదాహరణ ఒకటి చెప్తా. స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ ఉంది. దాని వెనక ఉన్న కంపెనీని ట్రాన్ అధిపతి జస్టిన్ సన్ కొన్నాడు. ఆ కంపెనీ దగ్గర పెద్ద మొత్తంలో కాయిన్లు ఉన్నాయి. వాటితో నెట్‌వర్క్‌ని ఏలేస్తాడేమో అని జనం భయపడి ఆ కాయిన్లు ఓటు వెయ్యకుండా ఆపారు. మార్చి నెలలో మూడు పెద్ద ఎక్స్ఛేంజీలు కస్టమర్లు దాచుకున్న కాయిన్లతో అతని వైపు ఓటేసేశాయి. జనం డబ్బుతో జనం మీదే ఓటు! మార్చి 20న ఆ జనం కాపీ తీసుకుని బయటికొచ్చి హైవ్ అనే వేరే చెయిన్ పెట్టుకున్నారు. అప్పటిదాకా తమలో తాము కొట్టుకున్నవాళ్లే, వారాల్లో ఒక్కటయ్యారు. వాళ్లకి ఆ దారి ఉంది. 1757లో బొబ్బిలికి లేదు.

మనలో చాలామందికి క్రిప్టో దాకా వెళ్లక్కర్లేదు. ఊళ్లో చీటీ, యూత్ సంఘం, చెరువు నీళ్ల వంతు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, క్రికెట్ టీమ్ వాట్సాప్ గ్రూపు. వీటన్నిట్లోనూ పైన రాజు ఎవడూ లేడు. గొడవ వచ్చినప్పుడు ఒక వర్గం వెంటనే బయట ఉన్న పెద్ద మనిషి దగ్గరికి, పార్టీ నాయకుడి దగ్గరికి పరిగెడుతుంది. ఆ రోజుకి గెలుస్తుంది కూడా. ఆ తర్వాత ఆ సంఘం ఎవరిదవుద్దో మీరే చూసి ఉంటారు.

బొబ్బిలిలో యుద్ధ స్తంభం ఉంది, విజయనగరంలో కోట ఉంది, శ్రీకాకుళంలో ఆ పాత మసీదు ఉంది, పద్మనాభంలో కొండ ఉంది. ఒక ఆదివారం బండి తీస్తే రెండు మూడు చూసి రావచ్చు. వెళ్లినప్పుడు ఎవరు వీరుడు, ఎవరు ద్రోహి అన్న గొడవ కాసేపు పక్కన పెట్టి, ఈ ఇద్దరూ ఒకసారి ఏటి గట్టు మీద కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఏమయ్యేది అని ఆలోచించండి.

కామెంట్లలో మా రాజు గొప్ప, మీ రాజు తక్కువ అని మాత్రం మొదలుపెట్టకండి, దండం పెడతాను. దానికి బదులు, మీ ఊళ్లో పెద్ద దిక్కు లేకుండానే సవ్యంగా నడుస్తున్న సంఘం ఏదైనా ఉంటే, తగాదా వచ్చినప్పుడు వాళ్లు ఎలా తీర్చుకుంటారో రాయండి. నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఉంటాను మరి, నమస్కారం.